బయటి గడియ

కోరుట్ల బడిలో కొత్తగా చేరిన టీచరు కృపారాణికి పుట్టుకతోనే చూపు లేదు. కిరాయి కోసం ఆమె తిరిగిన తొమ్మిదో ఇల్లు ఇది. మేడ మీది గది ముందు ఇంటావిడ పుష్ప అడ్డంగా నిలబడి ఉంది.

"నీ మీద కోపం లేదు బిడ్డా. ఒక్కదానివి. పద్నాలుగు మెట్లు, పడితే ఎవలు చూడాలె?"

"పదహారున్నయ్ ఆంటీ. ఎక్కుకుంట లెక్కవెట్టిన."

"గ్యాసు ముట్టియ్యాలె..."

"హాస్టల్ విడిచినప్పటి సంది నేనే వండుకుంటున్న. ఇంకేందో చెప్పున్రి."

"ఇంకేం లేదు. మా ఆయనకే జర పట్టింపులెక్కువ. పొద్దుగాల లేవంగనే..."

"గుడ్డిదాని మొఖం చూడొద్దంటడా?"

"అయ్యో, నేన్ గట్లన్ననా?"

"ఎనిమిది ఇండ్లల్ల గిదే విన్న. మా వికలాంగుల సంఘం దిక్కెల్లి కాయిదం వెట్టి అడుగొచ్చు, చట్టమున్నది. గాని గట్లొచ్చిన ఇంట్ల నాకే నిద్ర వట్టది. ఒక్కపారి లోపలికి పోనియ్యున్రి."

"సరె, చూసుకో. జల్ది."

"కిటికీ ఇటుందా. స్విచ్చులు గీడున్నయ్. తలుపుకు... ఆంటీ, లోపల గడియ లేదేంది? బయటనేమో రెండున్నయ్."

"పాత తలుపు. సామాన్లు వెడుతుంటిమి. ఇగ పోదామా?"

"రంగు వాసనొస్తున్నది, కొత్తగేసిన్రు."

"మొన్ననే ఏపిచ్చిన. రా, చాయ్ తాగుదువు."

"ఆగున్రి. కింద, నా మోకాలెత్తుల, రంగు కింద గీతలున్నయ్. మస్తున్నయ్. కుక్కనేమన్న కట్టేసిన్రా?"

"ఆ, కుక్క. కుక్కనే ఉండె."

"కుక్కవి కావు ఆంటీ. నాలుగు నాలుగు పక్కపక్కనున్నయ్. నా వేళ్లు వెడితె అండ్లనే పడుతున్నయ్. నా వేళ్లకన్న జర చిన్నయ్, గంతే."

"చెయ్యి తియ్యి."

"ఆంటీ..."

"చెయ్యి తియ్యమంటున్న! నీకన్న ముందు ఇద్దరొచ్చి చూసిపోయిన్రు. రంగు మంచిగున్నదన్నరు."

"గీ గీతలు ఎవలియి?"

"నా రెండో బిడ్డయి. మాట రాకుండె, నడువకుండె. పాకుతుండె. పెద్దదానికి సంబంధాలు చూస్తుంటిమి. ఎవలన్న ఇంటికొస్తె దీన్ని గీడ వెట్టి గడియేస్తుంటిమి. గంటసేపే గదా అనుకునేదాన్ని."

"ఏడుస్తుండెనా?"

"ముందుగాల ఏడ్చేది. తర్వాత గీకేది. కింద టీవీ సప్పుడు పెంచుతుంటిమి. ఇప్పటికి టీవీ పెడితె నాకు పైన గీకినట్టే ఇనవడుతది. ఆయనకు ఇనవడదట."

"ఇప్పుడేడున్నది?"

"లేదు. పెద్దదాని లగ్గం నాడు దానికి జ్వరముండె. గడియేసి పోయి ఫంక్షన్ హాల్ల పనులల్ల పడ్డం. వచ్చి గడియ తీస్తె తలుపు తెరుసుకోలే. తలుపుకు ఆనుకోనున్నది. ఎవలకన్న చెప్తవా?"

"మా అమ్మ గూడ నన్ను మంచం కోడుకు కట్టేసి నాట్లకు పోతుండె, ఆంటీ. ఇంట్ల చూసేటోళ్లు లేక. ఆ తాడు ఇంక యాదికున్నది. గాని పొద్దూకంగనే ఉరికొచ్చి ఇప్పేది."

"నేను ఉరికి రాలే బిడ్డా."

"గీ రూం నాకియ్యున్రి."

"ఇంత ఇన్నంక గూడనా?"

"బయటి గడియలు రెండు పీకేయించున్రి. లోపల ఒకటి పెట్టియ్యున్రి. నేనే ఏసుకోవాలె, నేనే తీసుకోవాలె."

"రేపే తలుపులు చేసే వడ్లాయనను పిలుస్త. ఆయన ఏమన్నంటె నేను చెప్పుకుంట."

"ఆదివారం జగిత్యాలల మా సంఘం మీటింగున్నది. గసొంటి పిల్లలున్న తల్లిదండ్రులొస్తరు. మీరు రాండ్రి. గిప్పుడు నాకు చెప్పింది వాళ్లకు చెప్పున్రి."

"నేనా? నలుగురిల నోరెట్ల లేస్తది?"

"మీ బిడ్డ పేరు చెప్పి మొదలువెట్టున్రి, అదే లేస్తది. ఏం పేరు?"

"పేరా?"

"ఆంటీ, పేరేంది?"

"ఎక్కువ రోజులు బతుకదన్నరని పేరు పెట్టలే బిడ్డా. పదకొండేండ్లు బతికింది."