ఎర్రచీమకు పెట్టిన పేరు

దొరల గడీలు ఖాళీ అయిన ఏడాది, కొత్తగూడ అడవిలో పట్టపగలు. మద్దిచెట్టుకు కట్టేసిన మురహరి దొర, ఆయన ముఖం ముందు ఎర్రచీమల గూడున్న కొమ్మ పట్టుకున్న గట్టమ్మ, పక్కన తుపాకితో సంఘం కాపలా వీరస్వామి. ఎప్పుడూ ఎవరినో ఒకరిని కట్టేయించే చేతులు ఇవాళ వెనక్కి ఉన్నాయి, కళ్లారా చూడాల్సిందే.

"అక్కా, గూడు కింద వెట్టు. సంఘం మాట సంఘం మాటే. పొద్దుగూకేటాళ్లకు ఈ దొరను దళం ముందల నిలవెట్టాలె, పాణంతోని."

"పెడ్త వీరస్వామీ. ఒక్క ముచ్చట అడిగి పెడ్త. చేతులకు బూడిద రాసుకున్న, నన్నేం కుట్టయి."

"నిన్ను కుట్టవు గానీ గట్టమ్మా, కొమ్మ నా దిక్కు వంగుతున్నది. కొంచెం అవతలికి పట్టు."

"ఇన్నవా వీరస్వామీ? గట్టమ్మా అన్నడు. ఇరువై ఏండ్లు గడిల కసువు ఊడ్సిన. ఏమే గట్టీ అనుడే తప్ప ఈ పిలుపు ఎన్నడు ఇనలే."

"మేం పట్టుకున్నప్పుడు నన్ను గూడ అన్నా అన్నడు అక్కా. పెట్టె ఇడువకుండ గుండెకు అదుముకున్నడు. బంగారమే అనుకున్నం. మూత తీస్తే ఏమున్నది, సీసాలల్ల చచ్చిన చీమలు. ఒక్కోదానికి ఒక్కో చీటి."

"అవి నా చదువు, వీరస్వామీ. నేను ఎవరి భూమీ గుంజుకోలేదు, ఎవరితోనూ వెట్టి చేయించలేదు. అదంతా మా అన్న. నాకు చీమలు తప్ప వేరే లోకం లేదు."

"నిజమే దొరా. నా తమ్ముడు ఉప్పలయ్యకు గూడ గదే లోకం చేసినవు. చెట్టు చెట్టు ఎక్కి నీకు గూళ్లు తెంపిచ్చింది వాడే గదా."

"మంచి పనిమంతుడు. కాదనను."

"మరి ఆ పనిమంతుడు నీ గంపల గూడు ఏం చేసిండో చెప్పు. వీరస్వామి ఇంటడు."

"అందులో రాణిచీమ ఉండె. మూడేండ్లు వెతికితే దొరికింది. నూరుకొని తిన్నడు."

"రాణో బంటో వానికేం ఎరుక. రెండు దినాల సంది గంజి లేదు. అడివోళ్లం, ఎర్రచీమలు దొరికితే మిరపకాయలేసి పచ్చడి నూరుకుంటం. నూరిండు. నాకు గూడ మోదుగాకుల కొంచెం పెట్టిండు. పుల్లపుల్లగ, మంచిగనే ఉండె."

"పచ్చడికే చంపిండా అక్కా?"

"పచ్చడికి కట్టేసిండు తమ్మీ. ఇంకో గూడు తెప్పిచ్చి వాని నెత్తిల దులిపిచ్చిండు. తిన్నదాని పేరన్న తెల్వాలె గదరా అని బుక్కు తీసి సదివిండు. సరిగ్గ పలుకు, కట్లు ఇప్పిస్త అన్నడు. ఇగ పొద్దుగూకే దాక అదే. తప్పు, మళ్ల చెప్పు. తప్పు, మళ్ల చెప్పు."

"అప్పుడు చిన్నతనం గట్టమ్మా. కోపంలో..."

"ముప్పై ఐదేండ్ల వయసుల చిన్నతనం."

"చస్తాడనుకోలేదు. దేవుని మీద ఒట్టు."

"దేవుణ్ణి ఇందులకు తేకు. కండ్లు ఉబ్బి మూసుకపోయినయి. మూడోనాడు జరంల పోయిండు. అన్ని దినాలు ఆ చీమ పేరే కలవరిచ్చిండు, నన్ను అక్కా అని గూడ పిలువలే."

"సరే. నీకేం కావాలె? పెట్టె కావాలెనా, చేతి గడియారం కావాలెనా?"

"పేరు కావాలె."

"ఏం పేరు?"

"ఎర్రచీమ పేరు దొరా. నువ్వు బుక్కు వట్టుకొని గడి అంత తిరుక్కుంట సదువుతుంటే ఊడ్సుకుంట ఇన్నదాన్ని. నాకు నోటికొచ్చింది. ఆనాడు వాడు దూప దూప అంటుంటే నీళ్లు తాపినట్టు వోయి చెవుల చెప్పిన. ఈకోపిల్ల సమరాగ్దిన. నేనెట్లన్ననో వాడట్లనే అన్నడు. నువ్వు తప్పన్నవు. ఇంకో తీరు చెప్పిన. గది గూడ తప్పన్నవు. నా నోట్ల తప్పు ఏడున్నదో చెప్పు."

"గదంత నీ మీద ఏసుకుంటవేందక్కా?"

"ఇంకెవల మీద ఏస్త? వాడు నన్ను నమ్మి పలికిండు వీరస్వామీ. వేరే తీరు చెప్పి ఉంటే బతుకునేమో. చెప్పు దొరా."

"చెప్తే గూడు కింద పెడ్తవా?"

"ముందుగాల చెప్పు."

"ఈకోఫిల్లా స్మరాగ్డినా."

"మళ్ల."

"ఈకోఫిల్లా స్మరాగ్డినా. చాలా?"

"నేను గదే అంటి గదా. పిల్లా కాడ ఊపిరి తక్కువైందా? కొసకు సాగదీయకపోతినా? ఏది, జర మెల్లగ చెప్పు."

"గట్టమ్మా, విను. నీ తప్పేం లేదు. మనసుల నుంచి తీసెయ్. నువ్వు చెప్పింది బాగనే ఉండె."

"బాగనే ఉంటే తప్పెందుకన్నవు?"

"ఆ పేర్లకు ఇదే సరైనదని ఏం లేదు. అది లాటిన్, ఆ భాష మాట్లాడేవాళ్లు ఎన్నడో పోయిన్రు. ఇంగ్లీషువాళ్లు ఈకో అంటరట, జర్మనీవాళ్లు ఓకో అంటరట, ఎవరి నోరు వాళ్లది. నేను బుక్కుల చూసి చదివిందే తప్ప ఎవరి నోటా విన్నది లేదు. అదెట్ల పలకాల్నో నాకే తెల్వదు."

"నీకే తెల్వదా."

"తెల్వదు. వాడు ఎట్ల పలికినా తప్పే అనేవాణ్ణి. చూడు, నిజం చెప్పేసిన. నీ మనసు తేలికైంది కద. ఇగ ఆ గూడు..."

"ఒక్కపారి గూడ సరే అనబుద్ధి కాలేదా దొరా?"

"వాడు భయపడుకుంట, నోరు తిరగక, మళ్ల మళ్ల పలుకుతుంటే... నవ్వొచ్చింది."

"రెండేండ్లు, వీరస్వామీ. రెండేండ్ల సంది నా నాలికెను నేనే తిట్టుకుంటున్న. వాని కొడుకు ముంగట నోరు తెరువాల్నంటే సిగ్గయితుండె."

"అక్కా, నేను వాగు కాడికి వోయి నీళ్లు తాగొస్త."

"వీరస్వామన్నా, ఎక్కడికి? సంఘం మాట అన్నవు గదా, దళం ముందర నిలబెడ్తనన్నవు గదా..."

"వాగు దూరం దొరా. జర ఆలస్యమైతది."