దేవుడు అనే రెండో మనిషి

నా పేరు, చిరునామా పై కాగితంలో రాసుకున్నారు. వయసు యాభై. పదో తరగతి పాసయ్యాను. నోటు పుస్తకాల బైండింగ్ షాపులో పదహారేళ్లుగా కుట్టుపని చేస్తున్నాను. గట్టిగా మాట్లాడను కాబట్టి షాపులో అందరూ సైలెంటక్క అంటారు. శిథిలాల్లో నన్ను వెతికిన యంత్రం నడిపిన అమ్మాయిని సస్పెండ్ చేసి విచారిస్తున్నారని విని, ఎవరూ పిలవకుండానే వచ్చాను.

పోయిన మంగళవారం ఉదయం పదకొండింటికి మిగతా ఏడుగురూ టీకి బయటికి వెళ్లారు. నేను వెళ్లను. ఆ పది నిమిషాలూ ప్రార్థన చేసుకుంటాను. పదకొండూ ఐదుకు పైకప్పు కూలింది. శ్లాబు కాగితం బేళ్ల మీద ఆగడంతో బతికాను. కుడి చెయ్యి ఇరుక్కుంది. అరిచాను. నా అరుపు నాకే సరిగా వినిపించలేదు.

బయట అందరూ క్షేమమే అనుకున్నారట. ఒంటిగంటకు మా షాపు మేస్త్రీ, "ఒరేయ్, సైలెంటక్క ఏదిరా?" అన్నాడట. రెండు గంటల తర్వాత. ఆయన్ని తప్పుపట్టను. ఎదురుగా ఉన్నప్పుడే నేనున్నట్టు తెలియదు.

మూడుంపావుకు టిక్కు టిక్కుమని చప్పుడైంది. ఎడమ చేతి గడియారం ముళ్లు చీకట్లో మెరుస్తాయి, అందుకే టైము చెప్పగలుగుతున్నాను. సందులోంచి చేటంత ఇనుప సాలీడు వచ్చింది. ఎనిమిది కాళ్లు, నెత్తిన చిన్న దీపం. ముందు కాలితో ఇటుకను తట్టి చూసి, అది కదలదని తేలాకే బరువు వేసేది. ఒక కాలు విరిగి వేలాడుతోంది. మిగతా ఏడింటితో నడుస్తోంది. దాంట్లోంచి ఆడపిల్ల గొంతు వినిపించింది.

"అమ్మా, భయపడకండి. ఇది యంత్రం. సాలీడు నడక చూసి చేశారు."

"సాలీడంటే భయమేంటి తల్లీ, మా ఇంట్లో నాకు తోడు అవేగా."

"మీతో ఎవరున్నారమ్మా?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. నా భర్త పోయినరోజు అడిగారు. గది అద్దెకిచ్చేవాళ్లు అడిగారు. నీకు ఎవరున్నారు, అని. నాది ఒకటే జవాబు.

"దేవుడున్నాడు తల్లీ."

"దేవుడా? దగ్గరలోనే ఉన్నాడా?"

"నా పక్కనే."

"మాట్లాడుతున్నాడా?"

"మాట్లాడడమ్మా. వింటాడు."

ఆ అమ్మాయి, "ముందు మిమ్మల్ని తీస్తాం. ఆ తర్వాత ఆయన్ని కూడా తీస్తాం," అంది. నాకు నవ్వొచ్చింది. నాకు ధైర్యం చెప్పడానికి సరదాగా అందనుకున్నాను.

తప్పంతా ఒక్క అక్షరంలో ఉంది. ఆ అమ్మాయి 'మీతో' అంది. నేను 'మీకు' అని విన్నాను. నా పక్కన బేళ్ల వెనక ఏముందో ఆ దీపానికి కనిపించదు. ఆమె నా మాట నమ్మింది. నమ్మడం తప్పు కాదు.

నన్ను బయటికి తీసేసరికి నాలుగూ ముప్ఫై ఐదు. గంటా ఇరవై నిమిషాలు. అంతసేపూ ఆ అమ్మాయి మాట్లాడుతూనే ఉంది. ఏం వండుకున్నారని అడిగింది. కుట్టుకు ఏ దారం వాడతారని అడిగింది. నేను ఎడమ చెయ్యి యంత్రం మీద వేసి చెప్పాను. అది వెచ్చగా ఉంది. గంటా ఇరవై నిమిషాలు ఒకరితో మాట్లాడి ఎన్నేళ్లయిందో చెప్పలేను. అది మీ విచారణకు అక్కర్లేదేమో. అయినా రాయండి.

నన్ను అంబులెన్సు ఎక్కిస్తుంటే వెనకనుంచి మైకులో కేక వినిపించింది. "దేవుడూ! వినిపిస్తుంటే చప్పుడు చెయ్యి!" నా ముఖానికి ఆక్సిజన్ గొట్టం ఉంది. ఎవరో నాకోసం ప్రార్థిస్తున్నారనుకున్నాను. కళ్లు మూసుకుని నేనూ కలిశాను. అప్పుడు గొట్టం తీసి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.

అధికారులు మేస్త్రీని కూడా అడిగారట. "మా షాపులో దేవుడనేవాడు లేడు సార్. పక్క షాపువాడేమో," అన్నాడట. యంత్రాన్ని మళ్లీ లోపలికి పంపారు. ఆరింటికి మిగిలిన శ్లాబు జారింది. సహాయక దళంలో ఒకాయన కాలు విరిగింది. యంత్రం శ్లాబు కింద పడిపోయింది, ఇంకా అక్కడే ఉందని విన్నాను. లేని మనిషి ఉన్నాడని రిపోర్టు చేసిందన్నది ఆ అమ్మాయి మీద ఆరోపణ. ఉన్నాడని చెప్పింది నేను. శిక్షేదైనా ఉంటే నాకు వేయండి. కాలు విరిగినాయన దగ్గరికి నిన్న వెళ్లి క్షమాపణ అడిగాను.

ఈ కాగితం మొదట్లో మీరూ అడిగారు, మీకు దగ్గరివాళ్లు ఎవరున్నారని. పాత జవాబు నోటిదాకా వచ్చింది. ఆ మాటవల్ల ఆ అమ్మాయికి జరిగింది గుర్తొచ్చి, ఎవరూ లేరన్నాను. మీరు రాశారు. ఇదంతా నిజమని నేను ఒప్పుకోవాలి గనుక, దయచేసి ఆ రెండు మాటలు కొట్టేయండి. బదులుగా ఏమీ రాయవద్దు. ఆ గడి ఖాళీగా ఉంచండి.

పైన ఉన్నది నా నోటి మాటే. చదివి వినిపించారు, విన్నాను, ఒక గడి తప్ప అంతా నిండింది, అంతా నిజం. సంతకం చేయడం వచ్చు. కుడి చేతికి కట్టు ఉన్నందువల్ల వేలిముద్ర వేస్తున్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)