బావి ఆయుష్షు లెక్కగట్టిన మీనాకుమారి గారు

1989 జూలై మూడవ తేదీన, మండపేట ధాన్యం వర్తకుల ఇంటి ఆడపడుచు శ్రీమతి మీనాకుమారి గారు రాజమహేంద్రవరంలోని మన సహజవాయు అన్వేషణ కార్యాలయంలో గణాంక సహాయకురాలిగా చేరారు. భూగర్భంలో వాయువు ఉన్నదా అని అందరూ తర్కించే చోట, దానిని వెలికితీస్తే గిట్టుబాటవుతుందా అని అడగడం ఆమె వంతయింది.

కాగితం మీది లెక్కలు కంప్యూటర్ నమూనాలుగా మారుతున్న కాలంలో, పిల్లలను బడికి పంపి వచ్చి, తనకంటె చిన్నవారి పక్కన కూర్చుని ఆ విద్యను అభ్యసించి, కాలక్రమేణా ఆర్థిక విశ్లేషణ విభాగానికి అధిపతి అయ్యారు. ఆమెది ఒక వింత పద్ధతి. ఏ నిక్షేపంపై ఎవరికి మమకారం ఎక్కువో, దానిని వదిలేయమని వాదించే పని వారికే అప్పగించేవారు.

మండపేట అవతల దొరికిన చిన్న నిక్షేపం విషయంలో ఆ పని భూగర్భ శాస్త్రవేత్త శ్రీ మహేంద్ర గారి మీద పడింది. ఏళ్ల తరబడి దానికోసం తిరిగిన మనిషి.

"మా అమ్మాయికి సంబంధం చూస్తూ నాచేతే వంకలు చెప్పిస్తున్నారేంటండి మేడమ్?"

"అవతలివాళ్లకంటె ముందు మనకే తెలియాలి కదండీ. చెప్పండి."

ఆయన ముఖం ముడుచుకునే చెప్పారు. పెద్ద పైపులైను దూరం. మధ్యలో వరిచేలు, కొబ్బరితోటలు. కోతలయ్యేదాకా ఎవరూ పార వేయనివ్వరు. అమ్మకం మొదటి ఏడే మొదలవుతుందని నమూనాలో వేసుకున్నది మీనాకుమారి గారే. ఆ ఆలస్యాన్ని కలిపేసరికి లాభం నష్టమైంది. అక్కడ తవ్విన గ్యాస్ బావిని మూసివేయాలన్న తీర్మానం సిద్ధమైంది.

ఆమెకు మనసొప్పలేదు. లారీ కిరాయి పెరిగినప్పుడు తండ్రిగారు ధాన్యాన్ని దూరపు బజారుకు పంపక, పక్క మిల్లుకే తోలడం గుర్తొచ్చింది. మర్నాడే మహేంద్ర గారిని వెంటబెట్టుకుని బావికి దగ్గర్లోని పెంకుల ఫ్యాక్టరీకి వెళ్లారు.

"మీ బట్టీకి గ్యాస్ ఇస్తే తీసుకుంటారాండి?"

"ముందు ఇవ్వండమ్మా! ఈ బొగ్గు మసితో చస్తున్నాం," అన్నారు యజమాని.

రోడ్డు వెంబడే చిన్న గొట్టం, అతి తక్కువ ధర, నెమ్మదైన అమ్మకం. ఇన్ని జాగ్రత్తలు కలిపినా ఈసారి నమూనా లాభమే చూపింది. పెట్టుబడులు తేల్చే మన కమిటీ అంగీకరించింది.

"నమూనాలో బావి ఆయుష్షు పదేళ్లే వేశారా? అక్కడ కూడా పిసినారితనమేనాండి!" అన్నారు మహేంద్ర గారు, నవ్వాపుకోలేక.

"తక్కువే వేశానండి. ఎక్కువ బతికితే సంతోషిద్దాం."

ఆ పదేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. ఈనాటికీ ఆ బావి వాయువుతోనే అక్కడి బట్టీలు మండుతున్నాయి. దానిని కాపాడి, నేడు పదవీ విరమణ చేస్తున్న మీనాకుమారి గారు కూడా ఆయురారోగ్యాలతో, ఇంటిల్లిపాది మధ్య, మన అంచనాలన్నిటినీ అలాగే దాటిపోవాలని కార్యాలయమంతా గర్వంగా ఆకాంక్షిస్తున్నది. ఈ ఒక్క లెక్కలో మాత్రం పిసినారితనం వద్దండి, మేడమ్!