లైటిస్తెనే తాళంచెయ్యి

“అవ్వా, తాతకు గూడ నా లెక్కనే ఉండెనా?”

ఉండెనా అని అడుగుతున్నవా? మొన్న కరీంనగర్ల డాక్టరు నీ గురించి జెప్పిన మాటలు మీ నాయిన నాకు జెప్తుంటె, గిదంత మీ తాత కతనే గదా అనుకున్న బిడ్డా. ధ్యాస ఒక్కతాన నిలువదట, పని నడుమ ఇడిసిపెడ్తరట, కావాలని చేసుడు కాదట. గీ ముక్క నాకు అప్పుడు జెప్పేటోడు లేకపాయె.

ఉప్పు తెమ్మంటె చేపలు తెచ్చేటోడు. అవి గూడ దార్ల ఎవరి అరుగు మీదనో పెట్టి మర్శి వచ్చేటోడు. నా పాణం కొరుక్క తిన్నడనుకో.

బొగ్గుబాయిల దిగేటోళ్లకు నెత్తికి లైటిస్తరు, ఎరికే గదా. షిఫ్టు అయినంక లైట్ల రూముల అప్పజెప్పాలె. ఒక్క లైటు తక్కువొచ్చిందంటె ఒక మనిషి లోపల్నే ఉన్నట్టు లెక్క. ఒకనాడు మీ తాత ఆ లైటుతోనే సైకిలెక్కి ఇంటికొచ్చిండు. ఆ సైకిల్ గూడ మా నాయిన పెండ్లికి పెట్టిందే, మూడు నూర్లు... గాదు, మూడు నూర్ల యాభై. గది పోనీ. నేను పొయ్యి కాడ ఉండి చూడలె. అన్నం పెడ్దామని వస్తె నెత్తి మీద లైటు! పళ్లెం ఆడనే పెట్టిన.

ఇద్దరం బాయి కాడికి ఉరికితె, అప్పటికే ఈయన్ని దేవులాడతందుకు నలుగురు మళ్ల దిగిండ్రు. అండ్ల ఒకడు మా తమ్ముడు. లోపల కప్పు కూలేటట్టున్నదని అందరికి ఎరికే. వాడు పైకొచ్చేదాక గంటసేపు పాణాలు అరచేతుల పెట్టుకొని నిలవడ్డ. వచ్చిండు, బావను జూసిండు, అటే ఇంటికి పోయిండు. ఆరు నెలలు మా గడప తొక్కలె.

మన మీద ప్రేమ, పావురం లేదు, అందుకే గిట్ల జేస్తడు అనుకున్న నేను. తిట్టిన, శాపనార్థాలు పెట్టిన. ఆయనేమో తల వంచుకొని “రేపటి సంది మర్శిపోనే” అనేటోడు. తెల్లారితె మళ్ల గదే కత.

ఆఖరికి నేనే లైట్ల రూముల కనకయ్య కాక తానకు పోయిన. లైటిచ్చేటప్పుడు ఈయన సైకిల్ తాళంచెయ్యి గుంజుకో కాకా, లైటు అప్పజెప్పినంకనే ఇయ్యి అన్న. అంతె. రిటైరయ్యేదాక మళ్ల మర్శిపోలె. అయినా నేను తిట్టుడు ఆపిన్నా? ఆయన పోయిన ఏడు గూడ తిట్టిన.

మీ నాయిన నిన్ను సోమరిది అంటడు గదా. పొద్దుగాలనే జెప్పిన వానికి, ఆ మాట ఇగ నా ఇంట్ల అనకు అని.

డాక్టరిచ్చిన గోళీ ఏసుకున్నవా? ఎటు జూస్తున్నవే, నిన్నే. అగో, నీళ్ల గ్లాసు పక్కపొంటి అట్లనే ఉన్నది. నవ్వకు. స్కూటీ తాళంచెయ్యి ఇటియ్యి. డ్యూటీకి ఆలశ్యమైతె కానియ్యి, గోళీ ఏసుకున్నంకనే ఇస్త. సల్లగుండు బిడ్డా... ఇయ్యి మరి.