చర్చి గడప బయట బూట్లు

1961. ఇందుకూరుపేటలో వాన వెలిసింది. ఇంగ్లండులో చదువు ముగించుకుని ఓడ దిగి వచ్చిన తమ్ముడు, అక్కతో అరుగు మీద కూర్చున్నాడు.

“లండన్ కాదక్కా, పల్లెల మధ్య చిన్న ఊరు. ఎనిమిది వందల ఏళ్ల నాటి చర్చి ఉందంటే చూడబోయినా. గుడికి పోయినట్టే బూట్లు గడప బయట విడిచినా.”

“అక్కడ విడవరా?”

“విడవరు. ఇంతలో వాన. బయటికొచ్చి చూస్తే, చర్చి చిమ్మే ముసలామె నా బూట్లు ఒళ్లో పెట్టుకుని తుడుస్తా ఉంది. తల తీసేసినట్టయింది.”

“ఎందుకురా?”

“అమ్మకంటే పెద్దదక్కా! నా బూట్లు ఆమె ముట్టుకోవడమేంది? నలుగురూ చూస్తా ఉన్నా వంగి ఆమె కాళ్లకి దండం పెట్టినా.”

“పొద్దున నీ చెప్పులు బురదయితే కడిగిందెవరు?”

“పేరమ్మ.”

“ఆమెకెన్నేళ్లు?”

“పేరమ్మ మనింట్లో పనిచేసే మనిషి గదా.”

“ఆ ముసలామె కూడా చర్చిలో పనిచేసే మనిషే గదరా. నిన్ను చంకనేసుకుని తిప్పింది పేరమ్మే.”

అతను అరుగు దిగాడు.

“అదుగో, చెప్పులు ఆరినాయేమో, పట్టుకొస్తా ఉంది.”

“నువ్వు లోపలికి పో అక్కా.”

“ఎందుకు?”

“నువ్వు చూస్తా ఉంటే ఆమెకి దండం పెట్టలేను.”