ఆగని బండి

(నాచారం, 1992. చర్చి పక్కన రేకుల షెడ్డు. అందులో సంఘం వాళ్ల పాత పెట్రోలు వ్యాను. డ్రైవరు అబ్రహాం, అతని బావమరిది పౌలు. మధ్యమధ్యలో గుమ్మం దగ్గరికి వచ్చే పక్కింటి విక్టోరియా.)

"చావి తిప్పు, బావా."

"తిప్పిన."

"యాక్సిలరేటర్ మీద కాలెందుకు వెట్టినవ్? తియ్యి. నీ కాలుంటే ఇంజనుకు బిగించిన ఈ డబ్బా పనిజేసేది మనకెట్ల తెలుస్తది?"

"అలవాటు, పౌలూ. కాలు తీస్తె ఆగిపోతది గద."

"ఆగొద్దనే గద ఈ డబ్బా. తియ్యి... సూసినవా, మళ్ల ఆగింది."

"వైరు లూజున్నదేమో."

"సూస్తున్న. జర టార్చి ఇటు కొట్టు. ఇటు, బావా. గోడ మీద గాదు, డబ్బా మీద."

"డబ్బా మీదనే కొడుతున్న."

"సరే, డబ్బా మీదనే. నువ్వు లోపలికి పో. అక్క కాడ జరసేపు కూసో. ఇది నేను సూసుకుంట."

"కార్బురేటర్ నట్టు బిగియ్యాలె."

"నేను బిగిస్త."

"నీకు రాదు. రేడియోలు బాగుజేసెటోనికి ఇంజన్ నట్టు సంగతేం తెలుస్తది?"

"బావా..."

"రాదన్న గద!"

"అబ్రహామన్నా! చర్చి అయ్యగారు వచ్చిన్రు. పెట్టె మూత వేస్తరంట. నిన్ను రమ్మంటున్నరు."

"వస్తున్ననని చెప్పు, విక్టోరియా. చేతులకు గ్రీజున్నది."

"పొద్దుగాల్నుంచి గదే చెప్పవడ్తివి. ఒక్కసారన్న మొఖం సూడన్నా. నీ పెండ్లామే గదన్నా ఆమె!"

"వస్తున్నన్న గద. పో!"

"...ఆమెనెందుకు కసురుతవ్, బావా? ఆమె గూడ ఏడ్సి ఏడ్సి ఉన్నది."

"కసురుతలేను. బండి తయారు జెయ్యకుంట పోయి కూసుంటె ఎట్ల? సంఘపెద్ద కృపానందం భూస్థాపన నాడు ఏమైందో మర్చిపోయినవా?"

"ఎట్ల మర్చిపోత? ముందల పెట్టెతోని బండి, వెనక పాడుకుంట జనం. నడక స్పీడుకు వస్తె చాలు, ఇంజన్ సచ్చిపోవుడే. ఉప్పల్ రోడ్డు మీద పాటల పుస్తకాలు సంకల వెట్టుకొని అందరు తోసిన్రు."

"ఆ మాపటికే మీ అక్క అన్నది, ఆఖరి ప్రయాణం ఎవ్వరికి గిట్ల కావొద్దు, అని. తెల్లారి తను పనిజేసే టీవీల కంపెనీ నుంచి వస్తొస్త ఈ సామానంత కొనుక్కొచ్చింది."

"కొనుక్కొచ్చి తన టిఫిన్ డబ్బా లోపల బిగించింది."

"మరి అన్నం దేంట్ల తీస్కపోతవే అంటె నవ్వింది. ఇంజన్ నెమ్మదైతున్నదని ఈ డబ్బాకెట్ల తెలుస్తది, అని గూడ అడిగిన."

"ఇంజన్ ఒక్కొక్క దెబ్బ కొడుతుంటె ఇది లెక్కవెడ్తది, బావా. దెబ్బలు తగ్గినయంటె ఈ చిన్న మోటరు యాక్సిలరేటర్ తీగను గుంజుతది. నీ కాలు జేసే పని ఇది జేస్తది."

"గట్లనే చెప్పింది. నీ కాలికి జర రెస్టు ఇస్త, అన్నది."

"సోల్డరింగ్ సూడు, ఎంత నీటుగున్నదో. అంత అక్కదే. నాకు మిగిలినయి రెండు వైర్లే. జ్వరం రాకుంటె అవి గూడ ఆమెనే..."

"టార్చి నువ్వే పట్టుకో. నాకు కనిపిస్తలేదు."

"ఏడువు, బావా. ఏడిస్తె ఏమైతది?"

"పొగ. సోల్డర్ పొగ కండ్లల్ల వడ్డది."

"నేనింక ఐరన్ ప్లగ్గుల వెట్టనే లేదు."

"పొగనే అంటున్న గద."

"సరే, పొగనే. జర ఇటు జరుగు."

"పౌలూ."

"ఆఁ."

"మా పెండ్లికి గూడ ఇదే బండి. రామంతాపూర్ చెరువు కాడ ఆగింది. అందరు దిగి మెకానిక్ కోసం పోయిన్రు. లోపల మేమిద్దరమే. ఏం మాట్లాడాల్నో తెల్వక నేను బండిని తిడుతున్న. తిట్టకు, అది ఆగవట్టే గద మనం మాట్లాడుకుంటున్నం, అన్నది."

"నాకెన్నడు చెప్పలే అక్క."

"ఆ తర్వాత ఎక్కడ ఆగినా గంతే. కొంగు నడుముకు చెక్కి తోసేది. తోసి తోసి, వచ్చి పక్కన కూసొని, ఇంక జరసేపు ఆగి పోదాం తియ్, అనేది."

"...అయిపోయింది, బావా. తిప్పు. కాలు వెట్టకు."

"తిప్పిన."

"విను. పడిపోతున్నది... పడిపోతున్నది... గుంజింది! సూసినవా, గుంజింది!"

"నడుస్తున్నది."

"మొదటి గేరు వెయ్యి. క్లచ్ మెల్లగ ఇడువు. నేను పక్కన నడుస్త... సూడు, నాతోని సమానంగ వస్తున్నది."

"ఇంక తగ్గియ్యి."

"ఇది నడక స్పీడే, బావా."

"నీ నడక గాదు. వెనక మీ అమ్మ నడవాలె."

"డబ్బా స్క్రూ తిప్పి తగ్గించిన. ఇంతకన్న మెల్లగ పోదు."

"మస్తు మంచిగ జేసింది మీ అక్క."

"అన్నా! పెట్టె మూత వేసిన్రు. నీ కోసం సూసి సూసి వేసిన్రన్నా. బండిని గేటు కాడికి తెమ్మంటున్నరు. ఇయ్యాల ఆగదు గద? అందరు గదే అడుగుతున్నరు."

"ఆగదని చెప్పు, విక్టోరియక్కా. మా అక్క చేతితోని జేసిన డబ్బా ఇది. పదుండ్రి, తెస్తున్నం."

"పౌలూ, ఆ వైరు పీకెయ్."

"ఏ వైరు?"

"డబ్బా వైరు."

"ఏంది బావా, గిప్పుడే మంచిగైతె! ఫికర్ జెయ్యకు. సమాధుల తోట దాక ఎక్కడ ఆగదు."

"గందుకే పీకెయ్, పౌలూ."