ఎక్స్ పీకిన మొనగాడు

మా అమ్మాయిని ఐసీయూలోకి తీసుకెళ్లారు. నన్ను కిందికెళ్లి కూర్చోమన్నారు. ఆస్పత్రి టీ కొట్టు దగ్గర కంప్యూటర్ సెక్షన్ ఆయన అప్పటికే కబుర్లు అందుకున్నాడు. వినేవాళ్లు లిఫ్టు నడిపే ఆయన, మందుల షాపు ఆయన.

“ప్రతి రిపోర్టు పైనా కొన్ని వరసలుంటాయి. పేరు, పక్కన వివరం. అందరూ వాడే పేర్లు కొన్ని, మనం సొంతంగా పెట్టుకున్నవి కొన్ని. సొంతవాటికి ముందు ఎక్స్ తగిలించాలని ఎవరో పెద్దమనిషి ఎప్పుడో అన్నాడట. ఎక్స్-వార్డు, ఎక్స్-అర్జెంట్. ఎందుకండీ? ఇరవై ఏళ్లు కాపురం చేసిన కోడల్ని ఇంకా పరాయి పిల్ల అన్నట్టు. నాకు ఒళ్లు మండింది. పొద్దున్న వస్తూనే పది పేర్లకి పీకేశాను.”

“పదేనా?” అన్నాడు లిఫ్టు ఆయన.

“వినవయ్యా. పదితో ఆగే చెయ్యా ఇది? టిఫిన్ వేళకి నలభై వేల రిపోర్టులు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిగతా ఆస్పత్రులవాళ్లు ఫోను మీద ఫోను, మావీ పీకి పుణ్యం కట్టుకోండని. కుర్చీలోంచి లేవకుండా పీకాను. పీకిన ఎక్సులు మోకాళ్ల లోతు పడితే ఊడ్చే ఆవిడ రెండు బస్తాలకెత్తింది. ఆ ఊపుకి ఎక్స్‌రే గది బోర్డు మీదది కూడా రాలిపోయి ‘రే’ ఒక్కటే మిగిలింది.”

“అదా సంగతి. ఇందాక అటు వెళ్తే ‘రే’ అని కనిపించింది, నన్నే తిడుతున్నారనుకున్నా,” అన్నాడు మందుల షాపు ఆయన.

“నవ్వండి. కీబోర్డులు చేసేవాళ్లు ఆ అక్షరమే మానేస్తామని కబురు పెట్టారు. ఇంత చేస్తే ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, బాగుందన్నాడా? పైగా వార్డు నుంచి సణుగుళ్లు.”

నేను గ్లాసు పక్కన పెట్టాను.

“ఎక్స్-అర్జెంట్ కూడా పీకారా, బాబూ?”

“మొదట పీకింది అదేనమ్మా.”

“మా అమ్మాయి రక్తం రిపోర్టు తొమ్మిదింటికే వచ్చింది. వార్డు కంప్యూటరు ఎక్స్-అర్జెంట్ అనే పేరు కోసమే చూస్తుందట. మీ దగ్గర్నుంచి ఉత్త అర్జెంట్ అని వెళ్లింది. ఎర్ర గుర్తు పడలేదు. మామూలు రిపోర్టుల అడుగున ఉండిపోయింది. నర్సమ్మ మూడింటికి చూసి నాకు చెప్పింది.”

లిఫ్టు ఆయన కంప్యూటర్ ఆయన వైపు తిరిగాడు.

“పేరు మార్చుకోండి. తప్పనను. ఆ పేరుతో పిలిచేవాళ్లకి చెప్పారా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“కూర్చున్నారేం? వెళ్లి పాత పేరు పెట్టండి. అడుగున ఇంకెవరి పిల్లలున్నారో.”